ఆ 52 మార్కుల్లో ఏముంది?

తెలుగులో నూటికి 52. బదిలీ మీద కొత్త బడికి వచ్చే విద్యార్థి గురించి మార్కుల జాబితా మాకు చెప్పేది అంతే. ఏది వచ్చు, ఏది రాదు, ఎక్కడ మొదలుపెట్టి ఇక్కడిదాకా వచ్చాడు అన్నది అందులో ఉండదు.

ఉత్తరాదిలో పెరిగి, తెలుగును ఇంట్లో మాత్రమే మాట్లాడే పిల్లలు 'పుస్తకం' అన్న మాటను 'పుత్సకం' అని రాయడం మేము పనిచేసిన చాలా ఊళ్లలో చూశాం. ఎర్ర సిరాతో కొట్టేస్తే అరమార్కు పోతుంది, అక్కడితో సరి. కానీ ఆ తప్పును కాస్త ఆగి చూడాలి. దేవనాగరిలో రెండు హల్లులు కలిస్తే మొదటిది సగమవుతుంది, రెండోది నిండుగా ఉంటుంది. తెలుగులో మొదటిది నిండుగా ఉండి, రెండోది ఒత్తుగా కిందికి దిగుతుంది. హిందీ లెక్క ప్రకారం 'స'ను చిన్నది చేసి 'త' కింద పెట్టారన్నమాట! 'తెలుగు'ను 'తేలుగు' అని రాయడమూ ఇలాంటిదే. హిందీ వర్ణమాలలో హ్రస్వ ఎ, ఒ లేవు మరి. పక్కన కూర్చోబెట్టుకుని పది నిమిషాలు చెబితే సర్దుకునే తప్పులివి. పుస్తకమే తెరవని పిల్లవాడికీ అదే అరమార్కు పోతుంది. అంకె ఇద్దరినీ ఒకే గాటన కట్టేస్తుంది.

పరీక్షలు వద్దని మేము అనడం లేదు. బోర్డు పరీక్షకు దేశమంతటా ఒకే కొలత ఉండాల్సిందే. సీబీఎస్‌ఈ 2009లో నిరంతర సమగ్ర మూల్యాంకనం తెచ్చినప్పుడు నూటిలో 40 వంతులు ఏడాది పొడవునా సాగే నిర్మాణాత్మక మూల్యాంకనానికి కేటాయించింది. ఆలోచన మంచిదే. ఆచరణలో చాలాచోట్ల అది ప్రాజెక్టు ఫైళ్లుగా మిగిలింది. (ఆ ఛార్టుల మీద అమ్మానాన్నల దస్తూరీ ఎంత గుండ్రంగా ఉండేదో!) 2018 నాటికి పదో తరగతి బోర్డు పరీక్ష మళ్లీ అందరికీ తప్పనిసరి అయింది. 2020 జాతీయ విద్యా విధానం ప్రతిపాదించిన సమగ్ర ప్రగతి పత్రంలో విద్యార్థి తనను తాను అంచనా వేసుకునే భాగమూ ఉంది.

ఆ పత్రంలో అసలైన గడి అదేనని మా అభిప్రాయం. మీలో చాలామంది అన్నింటి పక్కనా 'బాగా చేయగలను' అని టిక్కు పెట్టేస్తారు. నిజం రాస్తే మార్కులు తగ్గుతాయని భయం. కాబట్టి ఆ గడికి మార్కులతో సంబంధం ఉండకూడదు.

అలాగే కొత్తగా చేరిన ప్రతి విద్యార్థికీ మొదటి వారంలోనే మార్కులు లేని ఒక పేజీ ఉక్తలేఖనం పెట్టాలి. ఆరు నెలల తర్వాత అదే పాఠంతో, అదే నోటుపుస్తకంలో ఎదుటి పేజీ మీద ఇంకోసారి. 'అలాగైతే మొదటి నుంచీ బాగా రాసేవాళ్లకు అన్యాయం కాదా?' అని గుంటూరు నుంచి వచ్చినవారు అడగవచ్చు. వారి 90 మార్కులు వారికి ఎలాగూ ఉంటాయి. అయితే రెండు పేజీలూ ఒకేలా ఉంటే, ఆ ఆరు నెలల్లో బడి వారికి కొత్తగా నేర్పింది ఏమీ లేదని కూడా తెలుస్తుంది. మార్కుల జాబితా ఆ సంగతి ఎన్నటికీ చెప్పదు.

ఇల్లు మారేటప్పుడు పాత నోటుపుస్తకాలను కాగితాలవాడికి అమ్మేస్తారని మాకు తెలుసు. ఈ ఒక్కటి మాత్రం మీ బడిసంచిలో ఉంచుకోండి. కొత్త బడిలో తెలుగు ఉంటే మొదటి రోజే టీచరుగారికి చూపించండి. లేకపోతే హిందీ టీచరుగారికైనా సరే.