ఆడపిల్లకు సైకిల్ ఎందుకు?

ఆదివారం పొద్దున మన గుండ్లపోచంపల్లి రోడ్డు మీద రంగురంగుల టోపీలు పెట్టుకొని సైకిళ్ల మీద పోయేవాళ్లను మీరు చూసే ఉంటరు. వాళ్లు సరదాకు తొక్కుతరు. నగరం అవతలి దిక్కు ఔటర్ రింగు రోడ్డు పక్కన వాళ్ల కోసం 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ బాట తెరిచిండ్రు. ఎండ తగలకుండా పైన సోలార్ పలకల కప్పు కూడా ఉంది. మంచిదే. నాకు కోపం లేదు.

కానీ మా గూడెం బాట అంతా రాళ్లే. రెండు వాగులు దాటాలె. పెద్దబడి ఏడు కిలోమీటర్లు. మా అక్క ఐదు చదివి ఆగిపోయింది. తెలివి లేక కాదు, అంత దూరం రోజూ నడవలేక. అన్నకు సైకిల్ కొన్నరు. అక్క అడిగితే ‘ఆడపిల్లకు సైకిల్ ఎందుకు’ అన్నరు.

బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోవడానికి సర్కారు డబ్బులిచ్చుడు మొదలుపెట్టింది. హైస్కూలుకు వచ్చే ఆడపిల్లలు పెరిగిండ్రు. నేనూ తొమ్మిదే! నాకింకా తొక్కరాదు.

వార్డెన్ మేడంగారికి నా మనవి: ఆదివారం ఒక గంట గ్రౌండులో మాకు సైకిల్ నేర్పించండి. పాత సైకిల్ ఒక్కటున్నా చాలు. మోకాలు పగిలితే పసుపు పెట్టుకుంటం. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అన్న సైకిల్ తీసుకొని మా చెల్లెకు నేనే నేర్పిస్తా. అది ఐదుతో ఆగొద్దు.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని