ఒక్కసారి ఎగిరితే చాలా?

ఫైనలియర్ ప్రాజెక్టు పనిచేసిందా అని అడిగితే ‘చేసింది సార్’ అని వెంటనే చెబుతారు. ఎన్నిసార్లు చేసింది అని అడిగితే? చాలామంది తడబడతారు. ఎక్స్‌టర్నల్ వచ్చిన రోజు ఒక్కసారి నడిచింది, ఫొటోలు తీసుకున్నాం, రికార్డు మీద సంతకం పడింది, అంతే. ఆ తర్వాత ఆ మోడల్ ల్యాబ్ బీరువాలోనో, హాస్టల్ మంచం కిందో ఉంటుంది. కానీ ఇంటర్వ్యూలో కూర్చున్నవాళ్లకు కావాల్సింది ఆ రెండో ప్రశ్నకు జవాబే. ఒక్కరోజు పనిచేసే వస్తువుతో ఏ కంపెనీకీ పని లేదు. రోజూ పనిచేసేది కావాలి, దాన్ని రోజూ పనిచేయించే మనిషి కావాలి.

ఈ తేడాను కళ్లకు కట్టినట్టు చూపించే ఆట ఒకటుంది. మనవైపు దాని పేరు విన్నవాళ్లు తక్కువ. పైలాన్ రేసింగ్ అంటారు. రేడియో రిమోట్‌తో నడిపే చిన్న విమానాల పందెం. మీరు బీటెక్ చదువుతున్నా, డిప్లొమా చేస్తున్నా, డిగ్రీలో ఉన్నా ఈ ఆట గురించి ఓ పది నిమిషాలు తెలుసుకోండి. విమానాల మీద ఆసక్తి లేకపోయినా ఫర్వాలేదు. అందులో పాయింట్లు వేసే పద్ధతి చూస్తే చాలు, ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లకు పనికొచ్చే మాట ఒకటి దొరుకుతుంది.

మూడు స్తంభాలు, పది చుట్లు

మైదానంలో మూడు స్తంభాలు త్రికోణంలో పాతుతారు. వాటినే పైలాన్లు అంటారు. ఒకేసారి మూడు నాలుగు విమానాలు వాటి చుట్టూ పోటీపడి తిరుగుతాయి. తిరగడం ఎప్పుడూ ఎడమవైపుకే. పెద్ద విమానాలతో అమెరికాలో జరిగిన ఎయిర్ రేసులకు ఇది చిన్న రూపం. రీనోలో 1964 నుంచి 2023 దాకా జరిగిన ఎయిర్ రేసులు మీలో కొందరు వీడియోల్లో చూసే ఉంటారు.

అంతర్జాతీయ ఏరోనాటిక్స్ సమాఖ్య ఎఫ్ఏఐ నిబంధనల్లో ఈ ఆటకు ఎఫ్3డి అనే క్లాసు ఉంది. అందులో మొదటి పైలాన్ మిగతా రెండింటికి 180 మీటర్ల దూరంలో ఉంటుంది. ఆ రెండింటి మధ్య 40 మీటర్లు. ఒక చుట్టు సుమారు 400 మీటర్లు. పది చుట్లంటే 4 కిలోమీటర్లు. మంచి పైలట్లు దీన్ని నిమిషంలోపే ముగిస్తారు.

ఇప్పుడు ఇంటర్‌లో చదివిన ఫిజిక్స్ బయటికి తీయండి. 4 కిలోమీటర్లు 60 సెకన్లలో అంటే గంటకు 240 కిలోమీటర్లు. సెకనుకు దాదాపు 67 మీటర్లు. పైలట్ అర సెకను ఆలస్యంగా తిప్పితే విమానం 33 మీటర్లు అవతలికి పోయినట్టే. మలుపు వ్యాసార్ధం 20 మీటర్లనుకుని వేగం వర్గాన్ని వ్యాసార్ధంతో భాగించండి. భూమ్యాకర్షణకు 22 రెట్లు వస్తుంది. విమానం బరువు 2 కిలోలనుకుంటే ఆ క్షణంలో రెక్కలు దాదాపు 45 కిలోల బరువు మోయాలి. అంటే రెండు పాతిక కిలోల బియ్యం సంచులకు కాస్త తక్కువ. చేతిలో పట్టుకుని నడిచే బొమ్మ లాంటి విమానం అది!

ఒక పందెంలో ఇలాంటి మలుపులు కనీసం 20. రోజుకు ఐదు పందేలు, సీజన్ మొత్తంలో ఆరు పోటీలు అనుకోండి. 30 పందేలు, 600 మలుపులు. ఒక్క మలుపు తట్టుకునే రెక్క చేయడం వేరు. 600 మలుపులు తట్టుకునే రెక్క చేయడం వేరు. మొదటిది ప్రాజెక్టు. రెండోది ఇంజినీరింగ్.

గెలిచినవాడు ఓడిపోయే లెక్క

అమెరికాలో ఈ ఆటను అకాడమీ ఆఫ్ మోడల్ ఏరోనాటిక్స్ నిర్వహిస్తుంది. 1936లో మొదలైన సంస్థ, కేంద్రం ఇండియానా రాష్ట్రంలోని మన్సీలో ఉంది. ఏటా వేసవిలో జాతీయ పోటీలు అక్కడే జరుగుతాయి. అయితే ఆటకు ప్రాణం మాత్రం ఊళ్లలోని క్లబ్ మైదానాలే. వారాంతాల్లో సభ్యులే స్తంభాలు పాతుకుంటారు, వాళ్లే టైమింగ్ చూస్తారు, చుట్లు లెక్కపెడతారు. పందెం దగ్గర ఉండే పైలట్లూ జడ్జీలూ తలకు హెల్మెట్ పెట్టుకోవాల్సిందే.

క్లబ్ స్థాయిలో బాగా పేరున్న క్లాసు క్వికీ 500. రెక్క వైశాల్యం కనీసం 500 చదరపు అంగుళాలు ఉండాలి. అందుకే ఆ పేరు. బాడీ సాదా పెట్టెలా ఉంటుంది. ఇంజిన్ సైజుకు పరిమితి ఉంటుంది. డబ్బున్నవాడు ఖరీదైన ఇంజిన్ కొని గెలిచేయకుండా వీలైనంత అందరినీ ఒకే గీత మీద నిలబెట్టే ఏర్పాటు ఇది. వస్తువులు ఇంచుమించు ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడ వస్తుంది? తయారీలో, సాధనలో.

పాయింట్ల లెక్క ఇలా ఉంటుంది. నాలుగు విమానాల పందెంలో మొదట వచ్చినవాళ్లకు 4 పాయింట్లు, రెండోవాళ్లకు 3, మూడోవాళ్లకు 2, ఆఖరివాళ్లకు 1. పూర్తి చేయకపోతే సున్నా. స్తంభం బయటి నుంచి కాకుండా లోపలి నుంచి తిరిగితే దాన్ని కట్ అంటారు. ఒకసారి కట్ అయితే శిక్ష ఉంటుంది. ఒకే పందెంలో రెండుసార్లయితే సున్నా.

ఇద్దరు పైలట్లను ఊహించుకోండి. ఒకరి విమానం మైదానంలో అన్నిటికంటే వేగమైంది. ఐదు పందేల్లో మూడు గెలిచారు. మిగతా రెండింట్లో ఒకసారి ఇంజిన్ ఆగింది, ఒకసారి రెండు కట్‌లు పడ్డాయి. మొత్తం 12 పాయింట్లు. రెండో పైలట్ ఒక్క పందెం కూడా గెలవలేదు. ఐదింటిలోనూ రెండో స్థానమే. మొత్తం 15. ఆ రోజు కప్పు ఎవరిది? ఒక్కసారి కూడా గెలవనివాళ్లది!

మీ క్లాసులోనూ ఈ ఇద్దరూ ఉంటారు. హ్యాకథాన్‌లో ఒక రాత్రి అదరగొట్టి, తర్వాత మూడు నెలలు కనిపించనివాళ్లు ఒకరు. చప్పుడు లేకుండా ప్రతివారం ఇచ్చిన పని ఇచ్చిన రోజుకు పూర్తిచేసేవాళ్లు ఇంకొకరు. చప్పట్లు మొదటివాళ్లకే. కానీ ఏడాది తిరిగేసరికి టీమ్ లీడర్ పని ఎవరికి అప్పగిస్తారో మీరే చెప్పండి.

ఇంజిన్ ఎందుకు ఆగిపోతుంది?

ఈ విమానాల్లో చాలావాటికి గ్లో ఇంజిన్ ఉంటుంది. ఇంధనం మెథనాల్, నూనె కలిపిన మిశ్రమం. కొన్ని క్లాసుల్లో నైట్రోమీథేన్ కూడా కలుపుతారు. ఇంజిన్‌లోకి ఎంత ఇంధనం వెళ్లాలో ఒక చిన్న సూది లాంటి స్క్రూ నిర్ణయిస్తుంది. ఇంధనం తగ్గించేకొద్దీ వేగం పెరుగుతుంది. మరీ తగ్గిస్తే ఇంజిన్ వేడెక్కి గాల్లోనే ఆగిపోతుంది. ఇంకో చిక్కేమిటంటే, నేల మీద ఉన్నప్పటి సెట్టింగు గాల్లోకి వెళ్లాక అలాగే ఉండదు. విమానం వేగం అందుకోగానే ప్రొపెల్లర్ మీద భారం తగ్గి, ఇంజిన్ ఇంకా జోరుగా తిరుగుతుంది, ఇంధనం చాలదు. అందుకే అనుభవమున్నవాళ్లు నేల మీద కాస్త ఎక్కువ ఇంధనం ఉండేలా పెట్టి వదులుతారు. పొద్దున చల్లగాలికి పెట్టిన సెట్టింగు మధ్యాహ్నం ఎండకు సరిపోదు. మళ్లీ చూసుకోవాలి.

ఇవన్నీ ఎవరికైనా ఒక్క పందెంతో తెలుస్తాయా? తెలియవు. ఎండ ఎంత, ఏ ప్రొపెల్లర్ వాడాం, సూది ఎన్ని తిప్పులు తిప్పాం, ఎంత టైమ్ వచ్చింది... నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోతే సీజన్ చివరికి ఒక జ్ఞానం మిగులుతుంది. పుస్తకంలో లేనిది, గూగుల్లో దొరకనిది, మీది మాత్రమే అయినది. ఇంటర్వ్యూలో ధైర్యాన్నిచ్చేది అదే.

పక్కన నిలబడే మనిషి

పైలాన్ రేసులో పైలట్ పక్కన ఇంకొకరు నిలబడతారు. కాలర్ అంటారు. దూరంగా ఉన్న స్తంభాన్ని విమానం దాటిందో లేదో పైలట్‌కు నిలబడ్డ చోటి నుంచి సరిగ్గా అంచనా దొరకదు. ఎప్పుడు తిప్పాలో కాలర్ పిలిచి చెబుతాడు. ఒకే మాట, సరైన క్షణంలో. ముందు చెబితే కట్, ఆలస్యంగా చెబితే 33 మీటర్లు నష్టం. తర్వాతి పందెంలో ఇద్దరి పాత్రలు తారుమారు కావచ్చు. నిన్ను పిలిచినవాడికి నువ్వు పిలవాలి.

మన ప్రాజెక్టు బ్యాచ్‌ల సంగతి చూడండి. రిపోర్టు మీద నాలుగు పేర్లు, పని చేసింది ఒక్కరు. రెజ్యూమెలో మాత్రం నలుగురికీ ‘టీమ్‌వర్క్’. ఇంటర్వ్యూలో ‘అందులో నీ పని ఏంటి?’ అని అడిగేది అందుకే. ‘నేను పైలట్‌ను కాదు సార్, కాలర్‌ను’ అని నిజం చెప్పి, ఆ పని ఏంటో వివరంగా చెప్పగలిగినవాళ్లు నిలబడతారు. అన్నీ నేనే చేశానన్నవాళ్లు మూడో ప్రశ్నకు దొరికిపోతారు. డబ్బిచ్చి రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కున్నవాళ్లయితే రెండో ప్రశ్నకే.

‘మాకంత టైమెక్కడిది?’

మీ అభ్యంతరాలు నాకు వినిపిస్తూనే ఉన్నాయి. ఇది డబ్బున్నవాళ్ల ఆట అంటారు. నిజమే, విమానం, రేడియో, ఇంజిన్ అన్నీ ఖర్చే. గాల్లో రెండు విమానాలు ఢీకొంటే నెలల శ్రమ ముక్కలవుతుంది. ముందు ఆప్టిట్యూడ్ టెస్టు, కోడింగ్ రౌండు దాటితే కదా ఇవన్నీ అంటారు. అదీ నిజమే. ఆ గేటు దాటడానికి చదవాల్సింది చదవాల్సిందే, దానికి ఇది బదులు కాదు. కానీ గేటు దాటాక లోపల మీలాంటివాళ్లే ఇంకో యాభైమంది ఉంటారు. అందరి మార్కులూ ఇంచుమించు ఒకటే, అందరి సర్టిఫికెట్లూ ఒకటే. క్వికీ 500 గీత మీద నిలబడ్డ విమానాల్లాగే.

ఇప్పుడు డ్రోన్ పైలట్ కోర్సులకు మంచి గిరాకీ ఉంది. డీజీసీఏ గుర్తింపున్న సంస్థలో కొన్ని రోజుల శిక్షణతో సర్టిఫికెట్ వస్తుంది. వద్దని అనను, చేయండి. అయితే ఆ కాగితం చెప్పేది ఒక్కటే, ఎగరేయడానికి మీకు చట్టప్రకారం అనుమతి ఉందని. పొలంలో మందు కొడుతుండగా నాజిల్ మూసుకుపోతే ఏం చేస్తారో, మే నెల ఎండలో బ్యాటరీ ఎంతసేపు వస్తుందో ఆ కాగితం చెప్పదు. అది చెప్పాల్సింది మీ నోట్‌బుక్.

మీ సీజన్ మీరే పెట్టుకోండి

మీ ఊళ్లో పైలాన్ రేసు ఉండకపోవచ్చు. దారులు వేరే ఉన్నాయి. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఉంటే ఏరోమోడలింగ్ అందులో భాగమే. సేఇండియా ఏరో డిజైన్ పోటీలున్నాయి. ఐఐటీలతో కలిసి బోయింగ్ నిర్వహించే జాతీయ ఏరోమోడలింగ్ పోటీ ఉంది. సొంతంగా ఎగరేయాలనుకుంటే డ్రోన్ రూల్స్ 2021 ఒకసారి చదవండి. డిజిటల్ స్కై మ్యాపులో మీ చోటు ఆకుపచ్చ జోన్‌లో ఉందో లేదో చూసుకోండి. ఎంఎస్‌కు అమెరికా వెళ్లినవాళ్లకైతే దగ్గర్లోనే మోడల్ ఫ్లయింగ్ క్లబ్ ఉండొచ్చు. సరదాగా ఎగరేసేవాళ్లు రాయాల్సిన ట్రస్ట్ అనే ఆన్‌లైన్ పరీక్ష అక్కడ ఉచితం. శనివారం వెళ్లి చుట్లు లెక్కపెట్టడానికి సాయం చేసినా బోలెడు నేర్చుకోవచ్చు.

విమానాలతో మీకసలు పని లేదా? ఫర్వాలేదు. లైన్ ఫాలోయర్ రోబో అయినా, అటెండెన్స్ యాప్ అయినా, నీటిపంపు ఆన్ చేసే సర్క్యూటయినా దానికో సీజన్ పెట్టండి. వారానికి రెండుసార్లు, పది వారాలు. మొత్తం 20 సార్లు నడపండి. తేదీ, పరిస్థితి, ఫలితం, ఆగితే ఎందుకు ఆగింది... అంతా రాయండి. స్నేహితుల్లో ఒకర్ని పక్కన నిలబడి లెక్క చూడమనండి. తర్వాత వాళ్ల ప్రాజెక్టుకు మీరు లెక్క చూడండి.

పది వారాల తర్వాత ఇంటర్వ్యూలో ఇలా చెప్పగలుగుతారు: ‘సార్, 20 సార్లు నడిపాం. 6 సార్లు ఆగింది. అందులో 4 సార్లు కారణం ఒకే కనెక్టర్. అది మార్చాక చివరి 8 సార్లలో ఒక్కసారి కూడా ఆగలేదు.’ ఇందులో గొప్ప టెక్నాలజీ ఏమీ లేదు. అయినా అవతలి మనిషి పెన్ను కింద పెట్టి మీవైపు చూస్తారు. ఆరుసార్లు ఆగిన సంగతి దాచకుండా చెప్పినందుకు, ఎందుకు ఆగిందో తెలిసినందుకు.

కాబట్టి ఈ సెమిస్టర్‌లో కొత్త కోర్సు వెతుక్కునే ముందు మంచం కింద ఉన్న ఆ పాత ప్రాజెక్టును బయటికి తీయండి. దుమ్ము దులిపి స్విచ్ వేయండి. నడిచిందా? అయితే నోట్‌బుక్‌లో ‘1’ అని రాయండి. నడవలేదా? అప్పుడూ ‘1’ అనే రాయండి, పక్కన కారణం కూడా. ఇంకా 19 ఉన్నాయి.