మూడో ఆల్బమ్‌లో బెంజో ఎవరిది?

"మూడోదే బెస్ట్ రా భయ్. నాలుగోది ఉత్త అమ్ముకునేతందుకు చేసిండ్రు."

"నీ మొకం! మూడోదాంట్ల డ్రమ్స్ వినవడ్తయా? సరిగ్గ రికార్డింగ్ టైముకే నల్లా వచ్చె. ఆల్బమ్ మొత్తం బకెట్ల సప్పుడే."

ముంబై కామాఠీపురాలో ఓ పాత చాల్, రెండో అంతస్తు. రాత్రి పదకొండు దాటింది. చెక్క గ్యాలరీలో కటకటాలకు వీపులానించి నలుగురు కుర్రాళ్లు కూర్చున్నారు. బంధువుల ఇంట్లో భోంచేసి మెట్లు దిగబోతున్నవాణ్ని, ఆ బకెట్ల మాట చెవిన పడి ఆగిపోయాను. వాళ్లు తగవులాడుకుంటున్నది 'మ్యాజిక్' అనే బ్యాండ్ గురించి. 2008 ఆగస్టులో వచ్చిన 'రాక్ ఆన్' సినిమాలోని బ్యాండ్ అది. ఫర్హాన్ అఖ్తర్ పాడతాడు, అర్జున్ రాంపాల్ గిటారు, పూరబ్ కోహ్లీ డ్రమ్స్, ల్యూక్ కెన్నీ కీబోర్డు. కథ ప్రకారం ఆల్బమ్ అవకాశం చేతిదాకా వచ్చాక నలుగురూ గొడవపడి విడిపోతారు, మళ్లీ ఏళ్ల తర్వాత కలుస్తారు. మూడో ఆల్బమూ లేదు, నాలుగోదీ లేదు. అసలు ఆ బ్యాండే లేదు.

కాసేపు నిలబడితే ఆట పద్ధతి తెలిసింది. లేని ఆల్బమ్ మీద ఎవడెంతైనా కొయ్యొచ్చు. కానీ ముందువాడు కోసినదాన్ని కాదనకూడదు. బకెట్లున్నాయని ఒకడన్నాక అవి ఉన్నట్టే. తర్వాతివాడు ఆ బకెట్లను వెనకేసుకురావాలి, లేదా తిట్టాలి. నవ్వినవాడు అవుట్. రెండో ఆల్బమ్ పేరు 'ఆఖరి లోకల్' అట, అందులో కీబోర్డు మరీ ఎక్కువైందట. 'పద్నాలుగో గల్లీ' అనే నాలుగోదాంట్లో ఒకే ఒక్క మంచి పాట ఉందట, అదీ చివర్న ఉందట. ఇంతలో ఒకడన్నాడు, "రాబ్ బతికుంటే ఐదోది ఎట్లుండునో." సినిమాలో కీబోర్డు వాయించే రాబ్ జబ్బుతో చనిపోతాడు. నలుగురూ ఒక్క క్షణం మాట్లాడలేదు. కింద గల్లీలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేసిన చప్పుడు వినిపించింది. తెరమీద పోయిన మనిషికి అంత నిశ్శబ్దం దక్కడం చూసి నాకు ఒళ్లు జలదరించింది.

వీటిని పనిలేని కబుర్లని కొట్టేసేవాళ్లతో నేను ఏకీభవించను. లేని మూడో ఆల్బమ్ గురించి నలుగురు ఒప్పుకునేలా చెప్పాలంటే, ఉన్న నాలుగు పాటల్నీ ఎముకల్లోకి ఇంకేలా విని ఉండాలి. ఈ గొంతు ఎక్కడ బరువెక్కుతుంది, ఈ డ్రమ్ముల మనిషి ఎక్కడ తొందరపడతాడు, బ్యాండువాళ్లకు మళ్లీ చెడితే పాట ఎటు తిరుగుతుంది... ఇవన్నీ తెలిస్తేనే 'నాలుగోది అమ్ముకోవడానికి చేశారు' అనే మాట అతుకుతుంది. సంగీత విమర్శ రాసేవాళ్లలో ఎందరు ఈపాటి చెవి పెట్టి వింటున్నారు?

ఈ ఆట మనకు కొత్తదీ కాదు. 1980ల నడుమ మేము వర్లీ బీడీడీ చాల్‌లో ఉండేవాళ్లం. 160 చదరపు అడుగుల ఒంటిగది ఖోలీ. అంతస్తుకు ఇరవై ఖోలీలు, నడవకు అటు పది, ఇటు పది. 1982 జనవరి 18న మొదలైన మిల్లుల సమ్మెలో రెండున్నర లక్షల మంది రోడ్డున పడితే, వాళ్లలో మా నాన్న ఒకడు. చేతినిండా పనిలేని ఆ రోజుల్లో కూడా చందాలేసుకుని ఒక రాత్రికి వీసీఆర్ అద్దెకు తెచ్చేవాళ్లు. నాలుగు క్యాసెట్లు, అందులో ఒకటి తప్పకుండా 'శంకరాభరణం'. మంచం నడవలోకి ఎత్తేసి, ముప్ఫై మందిమి ఒకరి ఒళ్లో ఒకరం కూర్చుని చూసేవాళ్లం.

సినిమా అయిపోయాక అసలు కార్యక్రమం మొదలయ్యేది. సినిమాలోని విద్వాంసుడు శంకరశాస్త్రిగారి కచేరీల్లో గొప్పది ఏది? చివరి సభ అని నాన్న. గేలి చేద్దామని అర్ధరాత్రి పాప్ సంగీతం మోగిస్తూ వచ్చిన కుర్రకారుకు ఆయన జవాబు చెప్పే ఘట్టమే గొప్పదని మగ్గం పని మానేసి వచ్చిన మా మేనమామ. రెండూ కాదు, నది ఒడ్డున పొద్దున్నే ఎవరి కోసమూ కాకుండా చేసే సాధనే గొప్పదని పెద్దమ్మ. ఆమె ఇంకో అడుగు ముందుకేసి, సినిమాలో చూపించని కచేరీల గురించి చెప్పేది. భార్య ఉన్నప్పుడు శాస్త్రిగారు ఎట్లా పాడేవాడో, ఆమె పోయాక ఏ రాగం ముట్టుకోవడం మానేశాడో, తానే ముందు వరసలో కూర్చుని విన్నట్టు చెప్పేది. ఎవ్వరూ కాదనేవాళ్లు కాదు. నాలుగు దశాబ్దాల తర్వాత కామాఠీపురా గ్యాలరీలో కుర్రాళ్లు పాటిస్తున్న నియమం సరిగ్గా అదే.

ఒక రాత్రి నేను మధ్యలో దూరి, "పాడింది బాలు కదా?" అన్నాను. నోర్మూసుకొమ్మన్నారు. శంకరశాస్త్రి గురించి మాట్లాడుతుంటే బాలు ఎక్కడినుంచి వచ్చాడని కోప్పడ్డారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ దాంతో నాకు ఇప్పటికీ పేచీయే. ఈ వారం రాయడానికి కూర్చున్నది ఆ పేచీ గురించే.

1980 ఫిబ్రవరి 2న విడుదలైన ఆ సినిమాలో మనం చూసిన శాస్త్రిగారు ఒక్కరు కారు. ఆ రూపం జె.వి.సోమయాజులుది. అప్పటికి ఆయన రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరు. గొంతు ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యానిది. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోని మనిషి ఒక మహావిద్వాంసుడిగా పాడాలి. కె.వి.మహదేవన్ బాణీలు కడితే, ఆయన సహాయకుడు పుహళేంది దగ్గరుండి నేర్పించాడు. బాలుకు మొదటి జాతీయ పురస్కారం తెచ్చింది ఆ కష్టమే. నేర్చుకోని విద్యను నేర్చుకున్నట్టు వినిపించడానికి పడ్డ ఆ పాట్లు తెలిశాక, నాకు శాస్త్రిగారు ఇంకా పెద్దవాడయ్యాడు. తెర చిరిగిపోతుందేమోనని మావాళ్లు పడ్డ భయం అనవసరం.

అదే సినిమాకు పురస్కారం అందుకున్న వాణీ జయరామ్ సంగతి ఈ ఊరివాళ్లం ఇంకా గట్టిగా తలచుకోవాలి. పెళ్లయ్యాక ఈ బొంబాయి వచ్చి, బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ, ఉస్తాద్ అబ్దుల్ రెహమాన్ ఖాన్ దగ్గర హిందుస్తానీ నేర్చుకున్న మనిషి ఆమె. వసంత్ దేశాయ్ 1971లో 'గుడ్డీ' సినిమాకు పాడించడంతో దేశమంతా విన్నది. ఆ తర్వాత 'స్వాతికిరణం'లో గంగాధరం అనే పిల్లవాడి గొంతు ఆమెదే. అప్పటికి ఆమెకు నలభై దాటి చాలా ఏళ్లయింది. గురువులో అసూయ రగిలించేంత గొప్పగా పాడే ఆ పసివాడి వెనక ఒక నడివయసు స్త్రీ నిలబడి ఉంది. జాతీయ పురస్కారం మూడోసారి ఆమె ఇంటికి వెళ్లింది ఆ పాటకే. గంగాధరం బతికి పెద్దవాడైతే ఏ కృతులు కట్టేవాడు అన్నది మా పెద్దమ్మకు ఇష్టమైన మరో వాదన. రాత్రుళ్లు గడిచిపోయేవి. వాణీ జయరామ్ పేరు ఒక్కసారి కూడా వినబడేది కాదు. ఈ రెండు సినిమాలూ తీసిన దర్శకుడు విశ్వనాథ్ గారు 2023 ఫిబ్రవరి 2న వెళ్లిపోయారు, 'శంకరాభరణం' విడుదలైన తారీఖునే. రెండు రోజులకు వాణీ జయరామ్ వెళ్లిపోయింది. ఆ వారమంతా మా నడవలో జ్ఞాపకాలన్నీ శాస్త్రిగారివే.

బయటి దేశాల్లోనూ ఇదే తంతు. బొమ్మల కథల్లోంచి పుట్టిన 'ఆర్చీస్' అనే బ్యాండు పాట 'షుగర్ షుగర్' 1969లో అమెరికాలో అన్నిటికన్నా పైన నిలిచింది. రికార్డు మీద బ్యాండు పేరే ఉంది. పాడిన రాన్ డాంటే పేరు చాలామందికి తెలియనే లేదు. 1984లో వచ్చిన 'స్పైనల్ ట్యాప్' సినిమా దారి వేరు. నటులే వాద్యాలు పట్టారు, వాళ్లే పాడారు, తర్వాత అదే పేరుతో నిజంగానే కచేరీలు చేశారు, ఆల్బమ్‌లు వేశారు. మొన్న 2025లో 'కేపాప్ డెమన్ హంటర్స్' అనే యానిమేషన్ సినిమాలోని ముగ్గురమ్మాయిల బ్యాండు 'గోల్డెన్' పాటతో మళ్లీ అమెరికా జాబితాలో మొదటి స్థానం పట్టింది. ఈసారి జనం ఇజే, ఆడ్రీ నూనా, రేయ్ అమీ అనే అసలు గొంతుల పేర్లు వెతికి మరీ పట్టుకున్నారు. బొమ్మల మీద అభిమానం రవ్వంత కూడా తగ్గలేదు. మన 'మ్యాజిక్' కూడా అంతే. ఫర్హాన్ తన పాటలు తానే పాడుకున్నాడు. బాణీలు శంకర్-ఎహసాన్-లాయ్‌వి, మాటలు జావేద్ అఖ్తర్‌వి. వాదనలో వీళ్లకూ ఓ చోటుంటే ఆట పాడవదు, పదునెక్కుతుంది.

పేరు మిగిలి మనుషులు జారిపోవడం కామాఠీపురాకు తెలిసినంత మరెవరికి తెలుసు? 1784 నాటికి హార్న్‌బీ కట్ట పూర్తయి, సముద్రపు పోటు ఆగి, పల్లపు నేలలు ఆరాక, నిజాం రాజ్యం నుంచి వచ్చి ఇక్కడ దిగిన కూలీలు కామాఠీలు. రాయి కొట్టారు, సున్నం కలిపారు, ఊరు కట్టారు. వాళ్ల పేరు మీద వెలసిన పేట ఇవాళ దేశానికంతటికీ ఒకే ఒక్క అర్థంలో తెలుసు. సినిమాలు కామాఠీపురాకు వస్తాయి, ఎర్ర దీపాలు చూస్తాయి, వెళ్లిపోతాయి. గల్లీల్లో బతుకమ్మ పేర్చే ఆడవాళ్లు, బీడీలు చుట్టిన ముసలమ్మలు ఏ ఫ్రేములోనూ పడరు. జోతీరావు ఫూలే సత్యశోధక సమాజానికి అండగా నిలిచిన బొంబాయి తెలుగు గుత్తేదారులు రామయ్య వెంకయ్య అయ్యవారు, వ్యంకు బాళాజీ కాళేవార్‌ల పేర్లు మా పిల్లల పాఠాల్లో కూడా లేవు. అందుకే ఎవరి గొంతు ఎవరిదన్న ప్రశ్న దగ్గర నేను ఇంత పట్టుబడతాను.

2024లో 'అంబాజీపేట మ్యారేజి బ్యాండు' సినిమా వచ్చినప్పుడు నాకు మా చాల్ బెంజో పార్టీ గుర్తొచ్చింది. ముంబై గణపతి ఊరేగింపు చూసినవాళ్లకు బెంజో తెలుసు. చెక్కపెట్టె, పైన టైపుమిషన్‌కున్నట్టు గుండ్రటి మీటలు, లోపల తీగలు. ఎడమచేతి వేళ్లు మీటల మీద పరిగెడతాయి. కుడిచేతిలో చిన్న ప్లాస్టిక్ ముక్క తీగల్ని గీరుతూ ఉంటుంది. దానికి వైరు తగిలించి, తోపుడుబండి మీద ఆంప్లిఫయరు పెట్టి తోసుకుంటూ నడుస్తారు. మా పార్టీలో బెంజో వాయించిన ఆయన మిల్లు కార్మికుడే. సమ్మె తర్వాత అదే ఆయన తిండి అయింది. మధ్యవేలు కొసన నల్లటి కాయ ఉండేది. అన్నం కలుపుతున్నప్పుడు ఆ ఒక్క వేలు పైకి లేపి కలిపేవాడు. సముద్రమంత జనంలో, డ్రమ్ముల హోరులో, పాట పల్లవి ఎత్తుకున్నది ఆయనేనని ఏ ఒక్కరూ తల తిప్పి చూసేవారు కాదు. పెద్ద డ్రమ్ము మీద ఎర్ర రంగుతో పార్టీ పేరు ఉండేది. ఆయన పేరు ఎక్కడా లేదు. వాయించినదేదీ రికార్డు కాలేదు.

వర్లీలో మా చాల్‌ల చోట కొత్త టవర్లు లేచాయి. 2025 ఆగస్టులో 556 కుటుంబాలకు 500 చదరపు అడుగుల ఇళ్ల తాళాలిచ్చారు. కామాఠీపురాను కూడా కూల్చి కట్టే పని ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ మ్హాడా చేతిలో ఉంది. మంచి ఇల్లు, ఇంట్లోనే స్నానాలగది మావాళ్లకు ఎప్పుడో రావలసింది. రాత్రి పదకొండింటికి నలుగురు వీపులానించుకునే చోటు ఆ ప్లానులో ఎక్కడుందో కూడా ఎవరైనా అడగాలి.

ఆ రాత్రి నేను మెట్ల దగ్గర్నుంచి వెనక్కి వచ్చి వాళ్ల పక్కన కూర్చున్నాను. నియమం తప్పకుండా, "మూడో ఆల్బమ్‌లో బెంజో వాయించిందెవరు?" అని అడిగాను. రాక్ బ్యాండులో బెంజో ఏందని ఎవరూ అనలేదు. అనకూడదు కదా. ముగ్గురు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇందాకటి నుంచి పెద్దగా మాట్లాడని నాలుగోవాడు ఫోను పక్కన పెట్టాడు.

"మా తాత," అన్నాడు. "బకెట్ల సప్పుడుల వినవడలె గని, ఉంది. ముప్ఫై ఏండ్లు వాయించిండు."

నవ్వలేదు ఎవరూ. బకెట్ల గురించి మొదలుపెట్టినవాడు ముందుకు జరిగి అడిగాడు:

"ఏ పాటల వాయించిండ్రా?"