వెనక ఇరుసు మూలుగుతోందా?

సంఘం సమావేశాల్లో కాఫీల దగ్గర పాత బండ్లున్న సభ్యులు నన్ను పట్టుకుని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అరవై దాటితే వెనకనుంచి ఏదో మూలుగు వస్తోందండీ. మెకానిక్కు క్రౌన్ పినియన్ పోయిందంటున్నాడు. మార్పించెయ్యమంటారా?" నా జవాబు ఎప్పుడూ ఒకటే. పెట్టె విప్పించే ముందు బండి నడుపుతూ కాసేపు చెవిపెట్టి వినండి. ఏది పోయిందో చాలావరకు ఆ చప్పుడే చెబుతుంది.

మనవాళ్లలో క్వాలిస్‌లు, సుమోలు, బొలేరోలు ఇంకా నడుపుతున్న కుటుంబాలు తక్కువేమీ కాదు. క్వాలిస్ అయితే మన ఊరి పక్క బిడ్డే. 2000 నుంచి 2005 దాకా బిడదిలో తయారైంది. (బిడది అనగానే తట్టె ఇడ్లీ గుర్తొచ్చేవారు కాస్త ఓపిక పట్టాలి.) ఈ బండ్లన్నిటికీ వెనక గట్టి ఇరుసు, దాని మధ్యలో ఉబ్బెత్తుగా ఒక పెట్టె. ఇంజను వైపు నుంచి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు చివర చిన్న పళ్లచక్రం పినియన్, అది తిప్పే పెద్దది క్రౌన్. అక్కణ్ణుంచి చెరొక షాఫ్టు రెండు చక్రాలకూ వెళుతుంది. చక్రం దగ్గర ఆ షాఫ్టును పట్టి ఉంచేది ఒక బేరింగు. మన తాతలు ఎడ్లబండి ఇరుసుకు కందెన రాసినట్టే, ఈ పెట్టెలోనూ చిక్కటి గేరు నూనె ఉంటుంది. దాన్ని తలుచుకునేవాళ్లే తక్కువ.

మా బావమరిది బెళ్లందూరు వైపు ఉంటాడు. వాడిది 2003 నాటి క్వాలిస్. 2022 సెప్టెంబరు వానలకు ఔటర్ రింగ్ రోడ్డు చెరువైపోయినప్పుడు వాళ్ల వీధిలో ఒక రాత్రంతా ఆ బండి చక్రాల నడుము దాకా నీళ్లలో నిలబడింది. తరవాత ఇంజను నూనె మార్పించాడు, బ్రేకులు శుభ్రం చేయించాడు. మరుసటి ఎండాకాలానికి మూలుగు మొదలైంది. ఒక గ్యారేజీలో చూపిస్తే క్రౌన్ పినియన్ సెట్టు మొత్తం మార్చాలని పెద్ద అంకె చెప్పారట. పది రోజుల్లో మనవడి పుట్టువెంట్రుకలకు మా అత్తగారితో సహా ఎనిమిది మంది తిరుమల వెళ్లాలి. "బావా, ఇలాగే నెట్టుకుపోయి వచ్చాక చేయించనా?" అని ఫోను చేశాడు. వద్దన్నాను. ఈ రకం ఇరుసులో చక్రం దగ్గరి బేరింగు పూర్తిగా విరిగితే షాఫ్టూ, డ్రమ్మూ, చక్రమూ కలిసి బయటికి జారిపోవచ్చు. పలమనేరు దాటాక మొగిలి ఘాటులో అలా జరిగితే?

ఆదివారం తెల్లవారుజామున నైస్ రోడ్డు ఎక్కాం. ముందు టైర్ల సంగతి తేల్చాలి. టైరు చప్పుడైతే రోడ్డు మారగానే గొంతు మారుస్తుంది, నున్నటి తారు మీద తగ్గి గరుకు మీద పెరుగుతుంది. ఇది మారలేదు. ఎదురూ వెనకా ఎవరూ లేని చదును రోడ్డు చూసి, అరవైలో గేరు న్యూట్రల్‌కు తెచ్చాడు. ఇంజను మాత్రం ఆపకూడదు, ఆపితే బ్రేకు బిగుసుకుంటుంది. ఇంజను హోరు తగ్గింది, మూలుగు అలాగే ఉంది. అంటే అది ఇంజనుదీ కాదు, గేరు బాక్సుదీ కాదు. మళ్లీ గేరులో వేసి యాక్సిలరేటరు నొక్కుతూ, వదులుతూ విన్నాం. క్రౌన్ పినియన్ పళ్లు అరిగితే ఇక్కడే బయటపడుతుంది. నొక్కితే ఒక రకంగా, వదిలితే ఇంకో రకంగా, సన్నగా ఈల వేసినట్టు ఏడుస్తుంది. మాది లావుపాటి మూలుగు, వేగంతో పెరగడమే తప్ప కాలు నొక్కినా ఎత్తినా ఒకటే. చివరగా కుడివైపు మెల్లగా మళ్లించగానే పెరిగింది, ఎడమకు మళ్లిస్తే తగ్గింది. కుడికి తిరిగేటప్పుడు బరువు ఎడమ చక్రం మీద పడుతుంది గదా! అనుమానం ఎడమ బేరింగు మీదికి పోయింది.

ఇంటికొచ్చి ముందు చక్రాలకు దిమ్మలు అడ్డం పెట్టి, వెనక ఇరుసు లేపి రెండు వైపులా స్టాండ్లు పెట్టాం. ఒట్టి జాకీని నమ్మి బండి కిందికి దూరకండి. హ్యాండ్ బ్రేకు వదిలి, ఎడమ చక్రం చేత్తో తిప్పుతూ రెండో చెయ్యి కమాను కట్ట మీద పెడితే గరగర స్పష్టంగా తెలిసింది. కుడివైపు కొంచెమే.

తరవాత పెట్టె నూనె దించితే అసలు కథ బయటపడింది. తేనె రంగులో ఉండాల్సింది పాలు కలిపిన కాఫీలా వచ్చింది. వేడెక్కిన ఇరుసు ఒక్కసారి నీళ్లలో దిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, బయటినుంచి లాక్కుంటుంది. అందుకే ఇరుసు మీద బ్రీదరు అని చిన్న ఊపిరి గొట్టం ఉంటుంది. దీనిది మట్టితో పూడిపోయింది. ఇక ఆయిల్ సీళ్ల సందుల్లోంచి నీళ్లే లోపలికి వచ్చాయి. ప్లగ్గు అయస్కాంతానికి బూడిదరంగు మెత్తటి పేస్టు మాత్రమే అంటుకుంది. అది మామూలే. ఇనప పెచ్చులు, పళ్ల ముక్కలు కనిపిస్తేనే భయపడాలి.

విడిభాగాలకు జె.సి. రోడ్డుకు వెళ్లాం. రవీంద్ర కళాక్షేత్రంలో నాటకాలకు వెళ్లే దారే కనుక మీకందరికీ తెలుసు. రెండు వైపులకూ బేరింగులు, బిగింపు రింగులు, సీళ్లు కొన్నాం. అన్నీ కలిపినా క్రౌన్ పినియన్ ధర ముందు లెక్కలోకి రాదు. అట్టపెట్టె సీలు విప్పని సరుకు, దానికి బిల్లు, ఈ రెండూ పట్టుబట్టి అడగండి.

పని మాత్రం హైడ్రాలిక్ ప్రెస్సు ఉన్నచోటే చేయించాలి. షాఫ్టు మీద బేరింగును పట్టి ఉంచే రింగును కొందరు గ్యాసు మంటతో కోస్తారు, దాంతో షాఫ్టు పదును పోతుంది. గ్రైండరుతో రింగును పలచన చేసి ఉలితో చీల్చాలి. కొత్త బేరింగును లోపలి వలయం మీదే ఒత్తాలి గాని బయటి వలయం మీద సుత్తితో బాదకూడదు. పాత రింగు మళ్లీ వాడనే కూడదు. మాకు చేసిన కుర్రాడు ఈ మూడూ చెప్పకుండానే చేశాడు. ఎడమ బేరింగు లోపల తుప్పు గుంటలు వేలికి తగిలాయి. బ్రేకు పైపు విప్పారు కాబట్టి చివర్లో బ్రేకుల్లోంచి గాలి తీయించాం. లైనింగులకు నూనె అంటి ఉంటే రెండు చక్రాలకూ మార్చాల్సిందే.

పెట్టెను ఒకసారి చవక నూనెతో కడిగించి, జి.ఎల్.5 రకం 90 నంబరు నూనెను నింపే రంధ్రం అంచుదాకా పోశాం. మూలుగు పోయింది. తిరుమల వెళ్లి వచ్చారు, ఘాటులో మా అత్తగారు నిద్రపోయారట.

అన్ని చప్పుళ్లూ బేరింగువే కావు. క్లచ్చు వదలగానే టక్కుమంటే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసు చూపించండి. స్పీడ్ బ్రేకరు మీద దబ్బుమంటే కమాను బుష్షులు. మలుపుల్లో మాత్రమే గరగరమంటే పెట్టె లోపలి చిన్న పళ్లు. నిజంగానే క్రౌన్ పినియన్ పోతే రెంటినీ జతగానే మార్చాలి, పళ్లకు రంగు పూసి ముద్ర ఎక్కడ పడుతోందో చూసి బిగించే అనుభవజ్ఞుడి చేతే చేయించాలి.

ఈ వానల్లో మీ బండి చక్రాల నడుము దాకా నీళ్లలో దిగితే, ఆ వారంలోనే ఇరుసు ప్లగ్గు విప్పించి నూనె రంగు చూడండి. బ్రీదరును గుడ్డతో తుడిచి, మూత వేలితో తిరుగుతోందో లేదో కూడా చూడండి. పది నిమిషాల పని.