కాథెటర్ వేయాలా, ఆగి చూడాలా?

స్పైనా బిఫిడాతో, అంటే వెన్నెముక సరిగా మూసుకోకుండా పుట్టిన బిడ్డ మూత్రాశయంలో ఒత్తిడి ఎంతుందో పైనుంచి చూసి చెప్పలేం. నొప్పి తెలియకపోవచ్చు, జ్వరమూ రాకపోవచ్చు. కిడ్నీలు మాత్రం లోలోపల దెబ్బతింటూ ఉండొచ్చు. యూరోడైనమిక్ పరీక్షలో సన్నని కాథెటర్ వేసి, సెలైన్ నెమ్మదిగా నింపుతూ ఆ ఒత్తిడిని కొలుస్తారు. మూత్రం కారే వేళకు అది 40 సెంటీమీటర్ల నీటి స్తంభపు ఒత్తిడిని దాటితే కిడ్నీలకు ముప్పు ఎక్కువని 1981లో మెక్‌గ్వైర్ బృందం చూపింది. అంతకు తక్కువున్న వాళ్లందరూ క్షేమమని కాదు గానీ, ఆ కొలత లేకుండా వైద్యం చేయడం కష్టమే.

అయినా కాథెటర్ వేయడాన్ని చిన్న పనిగా తీసేయలేం. చాలామందికి ఒకటి రెండు రోజుల మంటతో, కాస్త రక్తపు చారతో సరిపోతుంది. కొందరికి ఇన్ఫెక్షన్ వస్తుంది. మూత్రమార్గం గీరుకుపోవచ్చు. అరుదైనదే అయినా ముడి సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పసివాళ్లకు కొన్నిచోట్ల మెత్తని ఫీడింగ్ ట్యూబునే వాడతారు. మూత్రం కనబడ్డాక కూడా దాన్ని లోపలికి తోస్తూ పోతే మూత్రాశయంలో చుట్ట పడుతుంది. లాగేటప్పుడు ఆ చుట్టే ముడిగా బిగుసుకుని బయటికి రానంటుంది. దాన్ని తీయడానికి ఒక్కోసారి మత్తు ఇవ్వాల్సి వస్తుంది. ట్యూబు సన్నగా ఉంటే గాయం తక్కువ, నిజమే. కానీ మెత్తదనం పెరిగేకొద్దీ మడతపడే గుణమూ పెరుగుతుంది.

పొత్తికడుపు మీదుగా కాథెటర్ వేస్తే మూత్రమార్గానికి ఆ బాధ తప్పుతుంది, మూత్రధారకూ అడ్డుండదు. అయితే దానికి అనస్థీషియా కావాలి, దాని చిక్కులు దానికున్నాయి. ఇక బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే వచ్చే అంకెలను ఎంతవరకు నమ్మాలన్నది వైద్యుల మధ్యే తెగని మాట. బాధపెట్టి సంపాదించిన అంకె పనికిరాకపోతే అంతకన్నా నష్టమేముంది?

అందుకే మూత్రం డైరీ, మూత్రధార వేగం కొలిచే యూరోఫ్లో, అల్ట్రాసౌండ్ ముందు చేసి చూడటం మేలనిపిస్తుంది. పక్క తడపడం తప్ప వేరే ఇబ్బంది లేని పిల్లల్లో చాలామందికి ఆపైన అవసరమే రాదు. కాథెటర్ తప్పదన్నప్పుడు చేయి తిరిగినవాళ్లే వేయాలి, ఎంత పొడవు లోపలికి వెళ్లిందో రాసుకోవాలి, స్పైనా బిఫిడా పిల్లలకు లేటెక్స్ తగలనీయకూడదు. ఫలితం ఎటు వచ్చినా వైద్యం మారదంటే ఈసారికి ఆగడంలో తప్పులేదు. కానీ వెన్ను లోపమున్న బిడ్డకు స్కాన్‌లో కిడ్నీ వాపు కనిపించాక కూడా, ఏడుపు చూడలేక వాయిదా వేద్దామంటే మాత్రం నేను ఒప్పుకోలేను.