వెలలేని నాదము

తెలుగున 'ఉచితము' అను మాటకు రెండర్థములు కలవు. తగినది, న్యాయమైనది అనునది మొదటిది. వెల యీయనక్కరలేనిది అనునది రెండవది. నేటి వాడుకలో రెండవ యర్థమే ప్రబలి, మొదటిది పుస్తకములకు పరిమితమైనది. సెల్‌ఫోనులో సంగీతము పలికించు యాప్‌ను తయారుచేయబూనిన విద్యార్థికి మాత్రము ఈ రెండర్థములును ఒక్కచోటనే ఎదురగును. వెలలేకుండ లభించిన ధ్వని లైబ్రరీని తగిన రీతిని వాడుకొనుట ఎట్లు? ప్రోగ్రాము వ్రాయుట నేర్పునప్పుడే ఈ ప్రశ్నకు సమాధానమును కూడ పాఠశాలలో నేర్పవలెనని నా అభిప్రాయము.

సాహిత్యపుటలలో ఈ ప్రసంగమేల అని కొందరడుగవచ్చును. మన దేశపు చట్టము దృష్టిలో కంప్యూటరు ప్రోగ్రాము సాహిత్యకృతియే. 1957 నాటి కాపీరైటు చట్టమును 1984లో సవరించి ప్రోగ్రాములను ఆ కోవలో చేర్చిరి. కావ్యమునకు, కథకు గల రక్షణ దానికిని కలదు. కవి పేరు తుడిచివేసి అతని పద్యమును తనదిగా అచ్చువేయుట తప్పని బోధించు ఉపాధ్యాయుడు, ప్రోగ్రాము మాట వచ్చునప్పటికి మౌనము వహించుట న్యాయము కాదు గదా!

ముందుగా వస్తువును పరిశీలింతము. ధ్వనిని పుట్టించుటకై ముందే వ్రాసియుంచిన ప్రోగ్రాముల సంపుటిని ఈ వృత్తివారు లైబ్రరీ అందురు. సెల్‌ఫోను సాధారణముగా సెకండుకు 44,100 లేక 48,000 అంకెలను ధ్వనిగా మార్చును. ఆ అంకెలను లెక్కకట్టి యందించుటయే లైబ్రరీ చేయు పని. 1957లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలకు చెందిన మాక్స్ మాథ్యూస్ వ్రాసిన ప్రోగ్రాము పదునేడు సెకండ్ల చిన్న రచనను కంప్యూటరుచేత పలికించినది. నేటి లైబ్రరీలలో అనేకము ఆ వంశమునకు చెందినవే.

ఈ లెక్క ఎట్టిదో తెలియుటకు మీటిన తంత్రిని ఉదాహరణముగా గైకొందము. కెవిన్ కార్ప్‌లస్, అలెక్స్ స్ట్రాంగ్ అను ఇరువురు 1983లో ప్రకటించిన పద్ధతి మిక్కిలి సులువైనది. గాయకుని ఆధారషడ్జము సెకండుకు 147 కంపనములనుకొనుడు. 44,100ను 147చే భాగించిన 300 వచ్చును. రమారమి మూడువందల అంకెల వరుసలో క్రమములేని అంకెలను నింపవలెను. అదియే తంత్రిని మీటుట. పిమ్మట ఆ వరుసను మరల మరల చదువుచు, ప్రక్కప్రక్కనున్న రెండేసి అంకెల సగటును తిరిగి వ్రాయుచు పోవలెను. కరకుదనము కరగి, నాదము మెల్లగా అణగిపోవును. సగటు కట్టుట తెలిసిన బాలుడెవడైనను చేయగల లెక్క ఇది.

అయినను ఇది తంబురా కాదు. గుర్రముపై తంత్రి క్రింద దూర్చిన నూలుపోగు వలన కలుగు జీవము దీనియందు లేదు. ఆ గుర్రపు వంపు తంత్రి కదలికను ఎట్లు మార్చునో 1921 ప్రాంతమున సి.వి.రామన్ పరిశోధించి ప్రకటించెను. బాల్యమున విశాఖపట్టణములో చదువుకొనిన ఆ మహనీయుని పరిశీలన నేటికిని ఆదరణీయమే. అట్టి సూక్ష్మములను గణితముగా మార్చుట ఒక్క విద్యార్థివలన, ఒక్క సెలవులలో అగునది కాదు. ఇతరులు ఏండ్లతరబడి శ్రమించి వ్రాసి లోకమునకిచ్చినదానిపై ఆధారపడవలసినదే. ఆ ఇచ్చుటకు వెల లేకపోవచ్చును గాని షరతు కలదు. షరతుల పత్రమునకే లైసెన్సని పేరు.

లైసెన్సులు స్థూలముగా నాలుగు విధములు. మొదటివి మిక్కిలి ఉదారమైనవి. మిల్లర్ పకెట్ రచించిన ప్యూర్ డేటాయు, దానిని ఫోనులలో ఇముడ్చుటకై 2010లో వెలువడిన లిబ్‌పిడియు బి.ఎస్.డి. లైసెన్సుతో లభించును. పెరీ కుక్, గేరీ స్కవోన్‌ల ఎస్.టి.కె. కూడ ఈ తెగలోనిదే. రచయితల పేరును, లైసెన్సు పాఠమును చెరపక వెంట నుంచినచో చాలును. యాప్‌ను అమ్ముకొనవచ్చును, సోర్సుకోడును దాచుకొనవచ్చును.

రెండవవి ఎల్.జి.పి.ఎల్. లైసెన్సు గలవి. బారీ వెర్కో ఆరంభించిన సీసౌండ్, రికార్డు చేసిన స్వరములను పలికించు ఫ్లూయిడ్‌సింత్ ఇట్టివి. మన ప్రోగ్రామును మనము దాచుకొనవచ్చును. లైబ్రరీలో మనము చేసిన మార్పులను మాత్రము బయటపెట్టవలెను. అంతేకాక, వాడువాడు ఆ లైబ్రరీని సవరించి తిరిగి అతికించుకొనుటకు వీలు కల్పింపవలెను. మూతవేసి అమ్మెడి ఫోను యాప్‌లలో ఈ చివరి షరతును నెరవేర్చుట చిక్కైన పని. మూడవవి జి.పి.ఎల్. లైసెన్సు గలవి. 2002లో ఈ షరతుతో విడుదలైన సూపర్‌కొలైడర్‌ను తన యాప్‌లో కలిపి పంచువాడు, ఆ యాప్ సోర్సుకోడు మొత్తమును అదే షరతుపై ఇతరులకీయవలెను. నాలుగవవి రెండు దారులు చూపునవి. జ్యూస్ అను లైబ్రరీని నేడు ఏ.జి.పి.ఎల్. షరతులకు లోబడి అయినను వాడవలెను, లేదా దాని యజమానుల వాణిజ్య లైసెన్సునైనను తీసికొనవలెను.

ఈ భేదము కాగితముపై మాత్రమే నిలుచునది కాదు. వి.ఎల్.సి. అను ప్రసిద్ధమైన ప్లేయరును 2010లో ఐఫోను యాప్ స్టోరులో ఉంచిరి. అది జి.పి.ఎల్. లైసెన్సు గలది. పుచ్చుకొనువానిపై అదనపు నిర్బంధములు మోపరాదని ఆ లైసెన్సు చెప్పును. యాప్ స్టోరు నిబంధనలో నిర్బంధములు మోపును. రచయితలలో ఒకరు అభ్యంతరము చెప్పగా 2011 జనవరిలో ఆ యాప్ తొలగింపబడినది. పిమ్మట అనేకులైన రచయితలను వెదకి, వారి సమ్మతిపై లైసెన్సులు మార్చిన మీదట 2013లో మాత్రమే తిరిగి రాగలిగినది. పేరుపొందిన సంస్థకే రెండేండ్లకు పైగా పట్టినప్పుడు, ఒంటరి విద్యార్థి గతి యేమి? అతని యాప్‌లో దోషము లేకపోవచ్చును, నాదము శ్రావ్యముగానే ఉండవచ్చును. మొదటి దినమున ఒక పుట చదువని కారణమున ఏడాది శ్రమ మూలబడును.

వినోదమునకు చేసికొను యాప్‌నకు ఇంత చట్టమెందుకని కొందరందురు. తన ఫోనులో తానే వాయించుకొనువానికి నిజముగానే చింత లేదు. ఈ షరతులలో అధికభాగము ఇతరులకు పంచినప్పుడే వర్తించును. కాని పాట వలె యాప్ కూడ ఇంట కట్టుబడి ఉండునది కాదు. స్నేహితుడడుగును, సంగీతము చెప్పు గురువడుగును, పాఠశాల యడుగును. పంచవలెనను కోరిక పుట్టిన పిమ్మట పునాది మార్చుట కష్టము.

జి.పి.ఎల్. కఠినమని నిందించువారితోను నేను ఏకీభవింపను. తాను దానముగా ఇచ్చినది దానముగానే సాగవలెనని దాత కోరుటలో అన్యాయమేమున్నది? ఆండ్రాయిడ్ ఫోనులలో అట్టి యాప్‌లు అనేకము నడచుచునే యున్నవి. సోర్సుకోడును అందరికీయదలచిన పాఠశాలకు ఆ షరతు భారమే కాదు. దాత మాట వినక వస్తువు మాత్రము తీసికొనుటయే తప్పు.

కావున ఎన్నికలో క్రమము ఇట్లుండవలెను. యాప్‌ను అమ్మెదమా, పంచెదమా, ఏ ఫోనులలో నడిపెదమా అని ముందు నిర్ణయించుకొనవలెను. తరువాత లైసెన్సు చదువవలెను. చివరకు చెవితో పరీక్షింపవలెను. మన సంగీతమునకు ఈ పరీక్ష ముఖ్యము. పియానో మెట్లవలె విడివిడి స్వరములను మాత్రమే పలుకునది గమకమునకు చాలదు. కంపనసంఖ్యను క్షణక్షణము జారవిడువగలది కావలెను. ప్యూర్ డేటా, సీసౌండ్, ఎస్.టి.కె. మూడును దీనికి సమర్థములే. ఆలస్యమును కూడ చూడవలెను. 256 అంకెలను ఒక్క కట్టగా లెక్కించి పంపినచో సుమారు ఆరు మిల్లీసెకండ్లు పట్టును. నిలుకడగా మ్రోగు తంబురాకు ఆలస్యమొక లెక్క కాదు. తెరపై వ్రేలితో మీటు వీణకు ప్రతి మిల్లీసెకండును లెక్కయే.

మరియొక సంగతి. లైబ్రరీ లైసెన్సు వేరు, దానిచేత పలికించు రికార్డింగు లైసెన్సు వేరు. ఫ్లూయిడ్‌సింత్ వెలలేనిదైనంతమాత్రమున, దానిలో పోసిన తంబురా రికార్డింగు మనదికాదు. దానిని వాయించిన కళాకారుడొకడు, రికార్డు చేసినవాడొకడు కలరు. వారి హక్కులను మన చట్టము గుర్తించినది. పాఠశాలలోని తంబురాను తామే మీటి రికార్డు చేసికొనుట విద్యార్థులకు అన్నివిధముల మేలు.

మొదటి యాప్‌నకు లిబ్‌పిడినో ఎస్.టి.కె.నో గైకొనుడని నా సలహా. రెండు తెగల ఫోనులలోను వానికి అడ్డు లేదు. లైసెన్సు పాఠము ఒక పుటకు మించదు గనుక తరగతిలో బిగ్గరగా చదివింపవచ్చును. ఎస్.టి.కె. లైసెన్సులో ఒక వాక్యము ప్రత్యేకముగా గమనింపదగినది. మార్పులు చేసి పంచదలచినవారు ఆ మార్పులను మూలరచయితలకు పంపవలసినదిగా అది కోరును. వెంటనే, ఇది నిర్బంధము కాదని కూడ చెప్పును.

చట్టము విధింపని ఈ కోరికను మన్నించు విద్యార్థికి 'ఉచితము' అను మాట మొదటి యర్థము నిఘంటువు చూడకయే తెలియును. ఆ విద్యార్థిని తయారుచేయుట ప్రోగ్రాము పాఠములో భాగమే గాని, దానికి వెలుపలి నీతిపాఠము కాదు.