అన్నం మానమనే ముందు గింజలో ఏముందో చూడాలి

షుగర్ ఉందని తేలగానే రోగికి వినిపించే మొదటి సలహా: "అన్నం తగ్గించండి." 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం లెక్కన దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లు దాటారు. కాబట్టి ఆ సలహాను తీసిపారేయలేం. అయితే అన్నమంతా ఒకటే అన్నట్టు మాట్లాడటం సరికాదని నా అభిప్రాయం.

బియ్యంలోని పిండిపదార్థం రెండు రూపాల్లో ఉంటుంది. రెండూ గ్లూకోజ్ గొలుసులే. అమైలోజ్ దాదాపు కొమ్మల్లేని పొడవాటి దారం. అమైలోపెక్టిన్ గుబురుగా కొమ్మలు వేసిన చెట్టు. ఉడికిన అమైలోపెక్టిన్ మన జీర్ణ ఎంజైములకు తొందరగా చిక్కుతుంది. అమైలోజ్ దారాలు చల్లారేకొద్దీ మళ్లీ దగ్గరకు చేరి గట్టిపడతాయి, అంత సులువుగా అరగవు. అమైలోజ్ ఎక్కువున్న బియ్యం పొడిపొడిగా ఉడికి, చల్లారాక బిరుసెక్కేది అందుకే. అది దాదాపు లేకపోతే అస్సాం బోరా బియ్యంలా జిగురుగా ఉంటుంది.

ఈ పాళ్లను తేల్చేవి మొక్కలోని ఎంజైములు. ఒకటి ఏడీపీ-గ్లూకోజ్ అనే ఇటుకను తయారుచేస్తుంది. వ్యాక్సీ జన్యువు ఇచ్చే ఎంజైమ్ ఆ ఇటుకల్ని అమైలోజ్‌గా పేరుస్తుంది. కొమ్మలు వేసే ఎంజైములు గొలుసును ఒకచోట తెంచి, ఆ ముక్కను పక్కకు అతికిస్తాయి. అడ్డదిడ్డంగా వచ్చిన కొమ్మల్ని కత్తిరించేవి ఇంకొన్ని. జపాన్ బియ్యం మనవాటికన్నా ముద్దగా ఉండటానికి ప్రధాన కారణం వ్యాక్సీ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడం. భౌతికశాస్త్రం చదువుకున్న నాకు ఇది ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

మరి కొమ్మలు వేసే ఎంజైమును ఆపేస్తే అమైలోజ్ పెరగదా? పెరుగుతుంది, కానీ ఊరికే కాదు. మెండెల్ ముడతల బఠానీ గుర్తుందా? ఆ ముడతలకు కారణం ఈ జాతి ఎంజైమ్ జన్యువే దెబ్బతినడమని 1990లో తేలింది. పిండి సరిగా తయారుకాక చక్కెర మిగిలిపోతుంది, గింజ నీరు పట్టి, ఎండాక ముడుచుకుపోతుంది. వరిలోనూ ఈ దారిలో వెళితే గింజ బరువు తగ్గే ప్రమాదం ఉంది. దిగుబడి తగ్గే విత్తనాన్ని రైతు ఎందుకు వేస్తాడు?

అయినా దారి మూసుకుపోలేదు. 1986లో బాపట్ల నుంచి వచ్చిన మన సాంబ మసూరినే తీసుకోండి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు దాన్ని, కొమ్మల ఎంజైమ్ దెబ్బతిన్న ఐఆర్36 రకంతో సంకరం చేశారు. ఆ సంతతిలో గ్లైసీమిక్ సూచిక 45లోపు ఉండి, ప్రొటీన్ 16 శాతం దాకా ఉన్న వరుసలు దొరికాయని 2024లో ప్రకటించారు. 55 లేదా అంతకన్నా తక్కువైతేనే తక్కువ సూచిక అంటారు. హైదరాబాద్‌లో సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి ఎండాకు తెగులును తట్టుకునేలా మెరుగుపరచిన సాంబ మసూరి సూచిక కూడా 51 దగ్గరే ఉందని తర్వాత కొలిచినప్పుడు తెలిసింది. దాని కోసం ఎవరూ ప్రత్యేకంగా శ్రమపడలేదు.

2025 మే నెలలో కేంద్రం ప్రకటించిన జన్యుసవరణ వరి 'కమల'కూ సాంబ మసూరే మూలం. అందులో సవరించింది కంకిలో గింజల సంఖ్యను పెంచేందుకు. దిగుబడి ముఖ్యమే, కాదనను. కానీ బియ్యం నిల్వలు గోదాముల్లో పేరుకుంటున్న దేశంలో తర్వాతి సవరణ పిండి అల్లిక మీద జరగాలి. ఆ పని ప్రభుత్వ సంస్థలే చేయాలి. ప్రైవేటుకు వదిలేస్తే 'షుగర్ బియ్యం' డబ్బున్నవాళ్ల సరుకుగా మిగిలిపోతుంది.

ఈలోగా చేయగలిగిన చిన్న పని ఒకటుంది. కొత్త వరి రకాల పరీక్షల్లో అమైలోజ్ శాతాన్ని వంట నాణ్యత కోసం ఇప్పటికే కొలుస్తున్నారు. ఆ ఒక్క అంకెతోనే సూచిక తేలదు, పాలిష్, వండే తీరు కూడా లెక్కలోకి వస్తాయి. అయినా సన్నం, తెలుపు, పాత బియ్యం అని చూసి బస్తా ఎంచుకునే మనకు, ఆ బస్తా మీద రకం పేరు, దాని పక్కన అమైలోజ్ శాతం అచ్చు వేయించడం ఏ మిల్లుకూ మోయలేని భారం కాదు.